గ్రహణం విడిచాక

ఆరు నిమిషాల పని మీద 1868లో గుంటూరు వచ్చినవాళ్ల కథ ఇది. పని అయిపోయిందని అందరూ అనుకున్నాక అక్కడే మరో పదిహేడు రోజులు ఆగిపోయిన ఒక మనిషి కథ కూడా.

విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం. తల్లులు కందమొక్కకు పసుపు కుంకుమలు పెట్టి, పిల్లలు చల్లగా ఉండాలని మొక్కుకునే పొలాల అమావాస్య. ఆ ఏడు పూజకు గ్రహణం అడ్డం వచ్చింది. ఇంగ్లీషు తేదీ ప్రకారం 1868 ఆగస్టు 18. పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో గుంటూరు మీద సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాడు. ఆరు నిమిషాలకు కాస్త తక్కువసేపు పట్టపగలే చీకటి.

ఆ వేళ ఊళ్లో జనం ఏం చేస్తూ ఉంటారో ఊహించుకోవడం మనకు కష్టం కాదు. పట్టు స్నానాలు అయిపోయి ఉంటాయి. పచ్చడి జాడీల మీద, నీళ్ల బిందెల మీద దర్భపోచలు పడి ఉంటాయి. కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని కదలొద్దని పడుకోబెట్టి ఉంటారు. ఎప్పుడు విడుస్తుందా అని ఊరంతా ఎదురుచూపు. అదే ఊళ్లో రెండు చోట్ల మాత్రం, ఇంకొక్క క్షణం విడవకుండా ఉంటే బాగుండునని గుండె చిక్కబట్టుకుని నిలబడ్డ మనుషులున్నారు. ఒక బృందం ఇంగ్లీషువాళ్లది, రెండోది ఫ్రెంచివాళ్లది. ఆ కాసేపటి చీకటి కోసమే వాళ్ల పరికరాలు సముద్రాలు దాటి వచ్చాయి.

నేను గుంటూరులో పెరిగినవాణ్ణి. 1980 ఫిబ్రవరి 16న తెలుగు నేల మీదుగా సంపూర్ణ గ్రహణం పోయినప్పుడు చిన్నపిల్లవాణ్ణి. మా నాయనమ్మ తలుపులన్నీ గడియలు పెట్టించి, కిటికీలకు దుప్పట్లు కట్టించింది. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపురంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల అబ్జర్వేటరీకి దేశవిదేశాల బృందాలు వచ్చి కూర్చున్నాయన్న సంగతి మర్నాడు పేపర్లో చూశాం. బడిలో హీలియం పాఠం చదువుకున్నాం. భూమ్మీద దొరక్కముందే సూర్యుడిలో కనిపించిన మూలకం అని బట్టీ పట్టాం. ఆ కథలో మా ఊరి పేరు ఉందని పంతులుగారు చెప్పలేదు. ఆయనకూ తెలిసి ఉండదు. డిగ్రీ అయ్యాక ఎప్పుడో ఒక లైబ్రరీ పుస్తకంలో సగం వాక్యంలో 'గుంటూర్, ఇండియా' అని కనిపిస్తే, ఆ పేజీ మీద వేలుపెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ గుంటూరు గ్రహణానికి తొమ్మిదేళ్ల ముందు, 1859లో, జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక తాళంచెవి కనిపెట్టారు. వెలుగును పట్టకంలోంచి పంపి రంగులుగా విడదీస్తే, ఆ రంగుల మధ్య కనిపించే సన్నటి గీతలు ఆ వెలుగు ఏ పదార్థం నుంచి వచ్చిందో చెప్పేస్తాయి. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క వరస గీతలు, వేలిముద్రల్లాగా. దాంతో కోట్ల మైళ్ల దూరంలోని సూర్యుడిలో ఏముందో ఇక్కడే కూర్చుని తెలుసుకునే దారి దొరికింది.

తేలవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. సంపూర్ణ గ్రహణంలో నల్లటి చంద్రబింబం అంచున ఎర్రటి నాలుకలు కనిపిస్తాయి. అవి సూర్యుడివా, చంద్రుడివా అని ఎన్నాళ్లో తర్జనభర్జన జరిగింది. 1860లో స్పెయిన్‌లో గ్రహణం పట్టినప్పుడు తీసిన ఫొటోలతో అవి సూర్యుడివేనని తేలింది. మరి అవేమిటి? మబ్బులా, కొండలా, మంటలా? అప్పటికి, వెలుగును అలా గీతలుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని పట్టుకుని గ్రహణం దగ్గరికి వెళ్లే అదను రాలేదు. ఆ అదను 1868లో వచ్చింది. పైగా అది మామూలు గ్రహణం కాదు. నీడ ఏడెన్ మీదుగా వచ్చి, మన పడమటి తీరాన్ని తాకి, జమఖండి, వనపర్తి, గుంటూరు, మచిలీపట్నం దాటి బంగాళాఖాతంలోకి దిగి, సియాం దేశానికి పోతుంది. మన నేల మీద దారి పొడుగునా అయిదారు నిమిషాల చీకటి.

కాబట్టి బృందాలు కదిలాయి. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ తరఫున, బ్రిటిష్ ప్రభుత్వ ఖర్చుతో, మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెనెంట్ అనే ఇంజనీరు అధికారి గుంటూరులో గుడారాలు వేశాడు. ఈ గ్రహణాన్ని వదులుకోకూడదని ఏడాది ముందే లెక్కలు కట్టి సొసైటీ పత్రికలో రాసినవాడు ఆయన. ఫ్రాన్స్ ప్రభుత్వం తరఫున వచ్చినవాడు జూల్స్ జాన్సెన్. పారిస్‌వాడు, నలభై నాలుగేళ్లవాడు. చిన్నతనంలో జరిగిన ప్రమాదంలో ఒక కాలు కుంటిదైంది. బడికి పోయి చదువుకున్నది లేదు. బ్యాంకు గుమాస్తాగిరీ చేస్తూ సొంతంగా చదువుకుని పైకొచ్చాడు.

జాన్సెన్ మద్రాసులో దిగాడు. గవర్నరు లార్డ్ నేపియర్ ఆయన్ని ప్రభుత్వ ఓడలో మచిలీపట్నం పంపించాడు. అక్కడే ఆగవచ్చు, నీడ అక్కడ కూడా పడుతుంది. కానీ ఆయన ఆకాశం గురించి ఆలోచించాడు. తీరంలో సముద్రపు పొగమంచు ఉంటుంది, పడమటికి పోతే కొండలు మబ్బుల్ని పట్టి నిలుపుతాయి. ఆ రెంటికీ నడిమిన ఉన్నది గుంటూరు. అప్పటికి అది జిల్లా కేంద్రం కూడా కాదు. 1859లోనే గుంటూరు జిల్లాను రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ 1904లో గానీ విడదీయలేదు. అక్కడ లెఫొషర్ అనే ఫ్రెంచి వర్తకుడి మేడ ఉంది. ఊరికి ఎత్తుగా ఉండే ఆ మేడ పై అంతస్తును తన దేశస్థుడికి అప్పగించాడాయన. గ్రహణం నాడు బొమ్మలు గీసే పని కూడా భుజాన వేసుకున్నాడు.

టెనెంట్ బృందం చేసిన పని కాస్త దగ్గరగా చూడదగ్గది. అందులో రాయల్ ఇంజనీర్ల దళపు సైనికులున్నారు, ఫొటోలు తీయడం వాళ్ల వంతు. ఆ రోజుల్లో ఫొటో అంటే తడి పలక. గాజు పలకను మచ్చలేకుండా తుడవాలి. దాని మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, పలకను నాలుగు మూలలకీ వంచుతూ సన్నటి పొరగా పాకించాలి. కొలోడియన్‌లో ఈథరు ఉంటుంది, గాలి తగిలితే చాలు ఆవిరైపోతుంది. ఆ పొర బిగుసుకుంటూ ఉండగానే, చీకటి గుడారంలో సిల్వర్ నైట్రేటు నీళ్లలో ముంచాలి. తీసి, వెలుగు సోకకుండా చట్రంలో పెట్టి, టెలిస్కోపు దగ్గరికి పరుగెత్తాలి. బిగించి, తెరిచి, మూసి, మళ్లీ గుడారానికి పరుగెత్తాలి. తడి ఆరకముందే మందు పోసి బొమ్మ తేల్చాలి. ఇదంతా ఆగస్టు నెల గుంటూరు ఉక్కపోతలో, నల్లగుడ్డ గుడారం లోపల, ఈథరు వాసన మధ్య. ఒకడు పలక పూస్తుంటే ఇంకొకడు ముంచాలి, మరొకడు మోయాలి, మరొకడు బిగించాలి. ఏ ఒక్కడి చెయ్యి తడబడినా, పక్కవాడి పని పూర్తయ్యేసరికి సూర్యుడు బయటికి వచ్చేస్తాడు.

ఆ ఆరు నిమిషాల లోపల వాళ్లు ఆరు పలకలు తీశారు. బొమ్మలు ఆశించినంత స్పష్టంగా రాలేదు. అయినా వాటిలో ఒక అద్భుతం పడింది. సూర్యుడి అంచు నుంచి పైకి మెలితిరిగి లేచిన ఒక మహాజ్వాల. ఎత్తు లక్ష కిలోమీటర్లకు పైనే. ఎనిమిది భూగోళాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినా దాని కొసను తాకవు. శాస్త్రలోకం దానికి 'గ్రేట్ హార్న్', పెద్ద కొమ్ము, అని పేరు పెట్టుకుంది. గుంటూరులో ఆ పలక మీద మందు పోసినప్పుడు, నల్లటి గుండ్రం పక్కన ఆ కొమ్ము నెమ్మదిగా తేలుతుంటే గుడారంలో ఉన్న సైనికుడి ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకు తరచూ అనిపిస్తూ ఉంటుంది.

ఊరికి మరోవైపు, మేడమీద, జాన్సెన్ వర్ణపటదర్శిని సన్నటి చీలికను ఆ ఎర్ర నాలుకల మీదికి తిప్పి కళ్లు పెట్టాడు. ఏడు రంగుల పట్టీ కనిపించలేదు. నల్లటి నేపథ్యం మీద అయిదారు గీతలు మాత్రం ధగధగ మెరుస్తున్నాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. అలా విడివిడి గీతలు వచ్చాయంటే ఆ వెలుగు మండుతున్న వాయువుది. అందులోనూ ఎరుపు, నీలం గీతలు హైడ్రోజన్‌వి. ఎన్నో ఏళ్లుగా తెగని ప్రశ్న ఆ మేడమీద ఒక చూపుతో తెగిపోయింది. ఆ పెద్ద జ్వాలను ఆయన తర్వాత వర్ణించినప్పుడు కొలిమిని తలుచుకున్నాడు. గాలి కొడుతున్న కొలిమి నోట్లోంచి చీల్చుకొచ్చే మంటలాగా ఉందన్నాడు.

అదే సంగతి ఆ ఉదయం ఇంకా చాలామంది చూశారు. జమఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్, మబ్బుల సందుల్లోంచి. యురేనస్‌ను కనిపెట్టిన విలియం హెర్షెల్‌కు ఆయన మనవడు. టెనెంట్ కూడా గుంటూరులోనే చూశాడు. సియాంలో మరో ఫ్రెంచి బృందంలోని రాయే తొమ్మిది గీతలు లెక్కపెట్టాడు. అందరికీ ఒప్పజెప్పిన పని ఒక్కటే. అందరూ దాన్ని చక్కగా పూర్తి చేశారు. పెట్టెలు సర్దుకుని ముందుకు సాగిపోతే ఎవరూ తప్పుపట్టరు.

జాన్సెన్ పెట్టెలు సర్దలేదు.

గీతలు చూస్తున్నప్పుడే ఆయన మనసులో ఒక ఆలోచన మెరిసింది. ఇవి ఇంత ధగధగ మెరుస్తున్నాయే, వీటిని చూడటానికి గ్రహణం ఎందుకు? మామూలు రోజున కూడా కనబడాలి కదా! సూర్యుడు విడవగానే పరీక్షిద్దామనుకున్నాడు. కానీ గ్రహణం విడిచాక ఆకాశం మూసుకుంది. వానాకాలం. ఆ రోజుకు ఇక సూర్యుడు చేతికి చిక్కలేదు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టి ఉంటుందని నేననుకోను.

ఆ ఆలోచనలోని కీలకాన్ని ఇలా చెప్పుకుందాం. పగలు సూర్యుడి అంచున ఉన్న జ్వాలలు మనకెందుకు కనబడవు? చుట్టూ ఆకాశంలో చెదిరిన తెల్లటి వెలుగు వాటిని ముంచేస్తుంది గనక. తెల్లటి వెలుగంటే అన్ని రంగులూ కలిసినది. ఒక గిన్నెడు బియ్యంలో నాలుగు కుంకుడుగింజలు కలిపి చాప మీద పోశారనుకోండి. చాపను ఎంత పెద్దది చేసి బియ్యాన్ని ఎంత పలచగా పరిస్తే గింజలు అంత స్పష్టంగా కనిపిస్తాయి. బియ్యం పలచబడుతుంది, గింజ మాత్రం గింజలాగే ఉంటుంది. పట్టకాలు చేసేదదే. ఆకాశపు తెల్లటి వెలుగును రంగులుగా సాగదీసి పలచబరుస్తాయి. జ్వాల వెలుగు నాలుగైదు రంగుల్లోనే ఉంది కాబట్టి దాన్ని ఎంత సాగదీసినా గీత గీతలాగే మెరుస్తుంది.

మర్నాడు, ఆగస్టు 19, తెల్లవారేసరికి జాన్సెన్ పరికరం దగ్గర ఉన్నాడు. చీలికను సూర్యుడి అంచుకు అడ్డంగా, సగం బింబం మీద, సగం బయటికి ఉండేలా పెట్టాడు. బింబం మీద పడిన సగంలో మామూలు సూర్య వర్ణపటం, ఎర్రటి భాగంలో హైడ్రోజన్ తాలూకు నల్ల గీత. ఆ నల్ల గీత బింబపు అంచున ఆగిపోయింది. సరిగ్గా అది ఆగిన చోటి నుంచి, అదే వరసలో, బయటి ఆకాశంలోకి ఒక మెరిసే ఎర్ర గీత సాగింది. లోపల నలుపు, బయట ఎరుపు, రెండూ ఒకే తిన్నటి గీత. గ్రహణం లేదు, చీకటి లేదు, గుంటూరులో బాగా తెల్లవారిన పొద్దు. సూర్యజ్వాల ఆయన కళ్లముందుంది.

మానవజాతికి అంతవరకూ ఎప్పుడో ఒకసారి, కొన్ని నిమిషాల పాటు మాత్రమే దొరికిన దర్శనం ఆ పొద్దున మా ఊళ్లో ఒక మేడ మీద రోజువారీ పనిగా మారింది. నేనీ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అక్కడి నుంచి సెప్టెంబరు 4 దాకా, పదిహేడు రోజులు, ఆయన గుంటూరు వదల్లేదు. చీలికను అంచు చుట్టూ కొద్దికొద్దిగా జరుపుతూ, గీత ఎక్కడ పెరిగిందో ఎక్కడ తరిగిందో గుర్తుపెట్టుకుంటూ, జ్వాలల ఆకారాలు గీశాడు. అవి నిమిషాల్లో రూపు మారుతున్నాయని గమనించాడు. ఆరు నిమిషాల పని కోసం వచ్చినవాడికి పదిహేడు రోజుల గ్రహణం దొరికింది.

ఈ రోజుల్లో మా గుంటూరులో ప్రాజెక్టు పని మీద దేశాలు పట్టి తిరగని మనిషి ఉన్న ఇల్లు అరుదు. మూణ్నెల్లు బెంగుళూరు, అక్కడి పని కాగానే సింగపూరు, అటునుంచి డల్లాస్. చివరి వారం ఎలా ఉంటుందో వాళ్లే చెబుతారు. టికెట్టు చేతిలో ఉంటుంది, పెట్టె సగం సర్ది ఉంటుంది, పని మాత్రం ఇంకా ఏదో చెప్పబోతూ ఉంటుంది. అప్పగించవలసిన కాగితాలు అప్పగించాక కూడా కుర్చీలోంచి లేవలేకపోయిన పిల్లల్ని నేను చూశాను. నా చెల్లెలి కొడుకు ఒకడు అలాగే విమానం తేదీ మార్చుకున్నాడు. "మామయ్యా, పని అయిపోయింది గానీ నాకు అర్థం కావడం ఇప్పుడే మొదలైంది" అన్నాడు. వాడికి జాన్సెన్ సంగతి తెలియదు. ఆ రాత్రి కూర్చోబెట్టి చెప్పాను.

గుంటూరు నుంచి కదిలి జాన్సెన్ కాకినాడ చేరాడు. తన కొత్త పద్ధతి వివరిస్తూ పారిస్‌లోని సైన్సు అకాడమీకి ఉత్తరం రాశాడు. దాని మీద ఊరు కాకినాడ, తేదీ సెప్టెంబరు 19. సూయజ్ కాలువ ఇంకా తెరుచుకోలేదు, దానికి మరో ఏడాది పైన పట్టింది. ఉత్తరాలు ఓడ దిగి, ఈజిప్టు నేల దాటి, మళ్లీ ఓడ ఎక్కవలసిందే. ఈలోగా లండన్‌లో నార్మన్ లాకియర్ అనే ఆయనకు, గ్రహణం మాటే లేకుండా, సరిగ్గా ఇదే ఆలోచన ఫలించింది. ఆయన ఎప్పటినుంచో చేయించుకుంటున్న వర్ణపటదర్శిని అప్పుడే చేతికొచ్చింది. అక్టోబరు 20న జ్వాల గీతలు చూశాడు. వెంటనే పారిస్‌కు కబురు పెట్టాడు. అక్టోబరు 26న జరిగిన అకాడమీ సమావేశంలో రెండు ఉత్తరాలూ ఒకేరోజు సభ ముందుకొచ్చాయి. ఒకటి ఇంగ్లిష్ ఛానెల్ దాటి వచ్చింది, రెండోది కాకినాడ నుంచి. ఎవరు ముందన్న పేచీ పెట్టుకోకుండా, గౌరవం ఇద్దరిదీ అని సభ తీర్మానించుకుంది. 1872లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన చెక్కి ఒక పతకం వేసింది. వెనకవైపు సూర్యదేవుడి రథం, 1868 ఆగస్టు 18 అన్న తేదీ. గుంటూరులో గ్రహణం పట్టిన తేదీ అది.

ఇక హీలియం సంగతి. గుంటూరులో జాన్సెన్ హీలియం కనిపెట్టాడని ఈమధ్య చాలా చోట్ల రాస్తున్నారు. మన ఊరి మీద అభిమానంతోనే రాస్తారు గానీ, అది సరికాదు. ఆ పసుపు గీతను ఆయనా చూశాడు, ఇంకొందరూ చూశారు. సోడియం గీతలు కూడా పసుపులోనే, దాదాపు అక్కడే ఉంటాయి. చాలామంది దాన్ని సోడియందేనని అనుకుని సరిపెట్టుకున్నారు. అది సోడియందీ కాదు, భూమ్మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని పట్టుబట్టి, రసాయనవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి పరీక్షించి, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పిలిచినవాడు లాకియర్. నమ్మనివాళ్లు ఎందరో ఉన్నారు. 1895లో విలియం రామ్సే ఒక ఖనిజంలోంచి ఆ వాయువును బయటికి తీశాక గానీ వాళ్ల నోళ్లు మూతపడలేదు. గుంటూరుకు దక్కవలసినది వేరే. గ్రహణం కోసం ఎదురుచూడకుండా సూర్యుణ్ణి చదివే విద్య మొదట అక్కడ పుట్టింది. నా మట్టుకు నాకు అది మరీ గొప్పది.

ఆ పసుపు గీత సోడియం గీత దగ్గరే ఉంది గానీ సరిగ్గా దాని మీద లేదని ఆ రోజునే గమనించిన వ్యక్తి ఒకరున్నారు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్. నక్షత్రాల కాంతిని కొలవడానికి ఈ రోజుకీ ప్రపంచమంతా వాడే కొలమానం ఆయన పెట్టిందే. గ్రహణానికి ఆయన మచిలీపట్నంలో మకాం వేశాడు. నాలుగేళ్ల కిందటే, 1864 నవంబరు 1న, ఉప్పెన ముప్పై వేలమంది దాకా మింగేసిన ఊరు అది. ఆయన చూసిందంతా వివరంగా నివేదిక రాసి ప్రభుత్వానికి ఇచ్చాడు. ఆ నివేదిక మద్రాసులో అచ్చై మద్రాసులోనే ఉండిపోయింది. పారిస్ సభలో చదివేవాళ్లు దానికి లేకపోయారు. పోగ్సన్ తిరిగి ఎక్కడికీ పోలేదు. 1891లో కన్నుమూసేదాకా మద్రాసులోనే నక్షత్రాలు కొలుస్తూ ఉన్నాడు.

ఆయన కింద పనిచేసిన చింతామణి రఘునాథాచారి అబ్జర్వేటరీ తరఫున వనపర్తి వెళ్లాడు. అప్పుడది నిజాం రాజ్యంలో ఒక సంస్థానం. పంచాంగాల కుటుంబం నుంచి వచ్చి, మద్రాసు అబ్జర్వేటరీలో చేరి, ముందటేడే ఒక కొత్త చరనక్షత్రాన్ని కనిపెట్టినవాడు ఆచారి. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. గ్రహణాలూ గ్రహగతులూ కళ్లతో చూసి లెక్కగట్టాలని, మన పంచాంగాలను దృగ్గణితంతో సరిదిద్దాలని జీవితమంతా చెప్పాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నప్పుడు, మామూలు జనానికి అర్థమయ్యేలా మన భాషల్లో పుస్తకం వేయించాడు. ఆ పొలాల అమావాస్య పొద్దున, జాడీల మీద దర్భలు వేసుకున్న ఇళ్ల మధ్య, నామం పెట్టుకున్న ఒక పంచాంగాల ఇంటి బిడ్డ దుర్భిణికి కన్ను పెట్టి నిలబడ్డాడంటే, ఆ దృశ్యం ముందు నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. వనపర్తి పిల్లలకు ఆయన పేరు తెలియాలి.

వచ్చినవాళ్లంతా తలో దిక్కూ వెళ్లారు. టెనెంట్ మళ్లీ 1871లో నీలగిరి మీద దొడ్డబెట్ట శిఖరాన మరో గ్రహణం చూశాడు, 1874లో రూర్కీలో శుక్రుణ్ణి చూశాడు. సియాంలో, గ్రహణం ఎక్కడ ఎంతసేపు పడుతుందో స్వయంగా లెక్కగట్టి, ఫ్రెంచివాళ్లనూ ఇంగ్లీషువాళ్లనూ ఆహ్వానించి, అడవిలో మకాం వేయించిన రాజు మోంగ్‌కుట్, ఆ చిత్తడి నేలల్లో జ్వరం తగిలి అక్టోబరు 1న మరణించాడు. ఆయన లెక్క తప్పలేదు.

జాన్సెన్ ఆంధ్ర తీరం వదిలి హిమాలయాలకు వెళ్లాడు. సిమ్లాలో నెలల తరబడి ఉండి, గుంటూరు పద్ధతిని మరింత సానబెట్టాడు. రెండేళ్లకు జర్మన్ సైన్యం పారిస్‌ను చుట్టుముట్టింది. ఉత్తరాఫ్రికాలో మరో గ్రహణం రాబోతోంది. 1870 డిసెంబరు 2న, ఆ కుంటికాలి మనిషి తన టెలిస్కోపును ముక్కలుగా విప్పి బెలూనులో పెట్టుకుని, ముట్టడిలో ఉన్న నగరం మీదుగా శత్రువుల తలల పైనుంచి ఎగిరిపోయాడు. తీరా ఓరాన్ చేరి పరికరాలు బిగించి కూర్చుంటే, గ్రహణం వేళకు మబ్బు పట్టింది. మరుసటి ఏడు మళ్లీ మన దేశానికే వచ్చి నీలగిరుల్లో షోలూరు దగ్గర చూశాడు.

ఎందుకంత తపన అని అడగవచ్చు. జ్వాలలు చూడటానికి గ్రహణం అక్కర్లేదని ఆయనే రుజువు చేశాడు కదా! నిజమే. కానీ జ్వాలల వెనక, సూర్యుడి చుట్టూ వెండి వెలుగులా పరుచుకునే కరోనా ఉంది. అది మరీ మసక. గుంటూరు పద్ధతికి చిక్కలేదు. దాని కోసం గ్రహణాల వెంట పరుగెత్తక తప్పలేదు. 1876లో జాన్సెన్ పారిస్ పక్కన మ్యూడన్‌లో అబ్జర్వేటరీ నెలకొల్పి, 1907లో పోయేదాకా దాన్ని నడిపాడు. ఆయన పోయిన ఇరవై ఏళ్లు దాటాక, అదే మ్యూడన్‌లో పనిచేసే బెర్నార్డ్ లియో అనే యువకుడు ఆ మిగిలిపోయిన పని అందుకున్నాడు. టెలిస్కోపు లోపలే సూర్యబింబాన్ని ఒక పళ్లెంతో మూసేసి, లోపల చెదిరే వెలుగంతా అడ్డుకుని, 1930ల మొదట్లో పర్వతశిఖరం మీద నుంచి మామూలు పగటిపూట కరోనాను చూశాడు. ఆ పరికరమే కరోనాగ్రాఫ్.

మద్రాసు అబ్జర్వేటరీ మాత్రం ఊరికే ఉండిందా? దాని సూర్యపరిశీలన 1899లో కొడైకెనాల్ కొండెక్కింది. తర్వాత్తర్వాత ఆ సంస్థే భారతీయ ఖగోళ భౌతిక సంస్థగా బెంగుళూరు చేరింది. పోగ్సన్, రఘునాథాచారి కూర్చుని పనిచేసిన ఇంటికి నేటి వారసులు వాళ్లే.

ఆ వారసులు ఏళ్ల తరబడి కూర్చుని ఒక కరోనాగ్రాఫ్ తయారు చేశారు. లియో పద్ధతిదే, కాకపోతే అంతరిక్షంలో నిలబడి పనిచేసేది. 2023 జనవరి 26న దాన్ని ఇస్రోకు అప్పగించారు. సెప్టెంబరు 2న, గుంటూరుకు దక్షిణంగా అదే తీరంలో ఉన్న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 అనే వ్యోమనౌక దాన్ని మోసుకుని లేచింది. 155 ఏళ్ల కిందట అదే తేదీన జాన్సెన్ ఇంకా గుంటూరు మేడ మీదే ఉన్నాడు. కదలడానికి రెండు రోజులుంది, చీలికను జరుపుతూ జ్వాలలు గీసుకుంటున్నాడు.

నాలుగు నెలలు ప్రయాణం చేసి, 2024 జనవరి 6న ఆదిత్య తన చోటికి చేరింది. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరం. అక్కడ రాత్రి లేదు, మబ్బు లేదు, వానాకాలం లేదు. సూర్యబింబపు వెలుగును లోపలే పక్కకు తప్పించేసి, చుట్టూ ఉన్న కరోనాను మాత్రమే చూపించే ఆ పరికరానికి ఏడాది పొడుగునా పట్టే గాని విడుపు లేదు.